వస్తుంది, రాదు, వచ్చి పోతుంది

మా అమ్మ లెక్కలో ఇంటర్నెట్‌కి మూడే స్థితులు: వస్తుంది, రాదు, వచ్చి పోతుంది. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, నెట్‌వర్క్ జబ్బుల్ని ఇంత పొందిగ్గా విడగొట్టినవాళ్ళని ఆఫీసులో కూడా చూళ్ళేదు. రాకపోవడం అంటే ఎక్కడో తెగింది. వచ్చి పోవడం అంటే తెగలేదు, ఎక్కడో నీరసంగా ఉంది. రెంటికీ మందులు వేరు. ఈ తేడా అమ్మకి ఎవరూ నేర్పలేదు. అరవై ఆరేళ్ళు తెనాలిలో కుళాయినీ కరెంటునీ చూసిన మనిషి, తనే పట్టుకుంది.

కంప్యూటర్ తెలియనివాళ్ళ మీద మా వృత్తిలో బోలెడు జోకులున్నాయి. అన్నీ నామవాచకాల మీదే. మానిటర్‌ని కంప్యూటర్ అంటారనీ, బ్రౌజర్‌ని గూగుల్ అంటారనీ, వైఫై పెట్టెని మోడెమ్ అనో రోటర్ అనో అంటారనీ. నిజమే, అంటారు. మా అమ్మ ఆ పెట్టెని డబ్బా అంటుంది, అసలు సీపీయూని పెద్ద డబ్బా అంటుంది. కానీ క్రియల సంగతి ఎవరూ పట్టించుకోరు. తిరుగుతోంది, బిగుసుకుపోయింది, మినుకుతోంది, కూస్తోంది, నములుతోంది, బయటికి తోసేసింది. ఫోన్లో అమ్మ కంప్యూటర్‌కి వైద్యం చేస్తూ చేస్తూ నాకు అర్థమైందేంటంటే, పేరు తప్పు చెప్పేవాళ్ళు కూడా క్రియ తప్పు చెప్పరు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్తారు. జబ్బు దొరికేది అక్కడే.

ముందు ‘రాదు’ సంగతి. నెట్ రావట్లేదు అన్న రెండు మాటల వెనక ఒక పెద్ద గొలుసు ఉంటుంది. మనం చూడాలనుకున్న సైటు, దానికీ మన ఊరికీ మధ్య ఉన్న కంపెనీ లైన్లు, వీధి స్తంభం మీదుగా ఇంట్లోకొచ్చిన ఫైబర్ తీగ, ఆ తీగ చివర గోడకి కొట్టిన డబ్బా, డబ్బా నుంచి గాల్లో వైఫై, చివరికి మన కంప్యూటర్, అందులో బ్రౌజర్. గొలుసులో ఏ లింకు ఊడినా బయటికి కనిపించేది ఒకటే. కాబట్టి మొదట చెయ్యాల్సింది గొలుసుని మధ్యకి విరగ్గొట్టడం. నేను అమ్మని అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: "నీ ఫోన్లో వస్తోందా?" దీంట్లో ఒక మెలిక ఉంది. ఫోన్లో మొబైల్ డేటా ఆపి, వైఫై మీదే చూడాలి. లేకపోతే ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా సిమ్ నుంచి నెట్ తెచ్చుకుని అబద్ధపు సాక్ష్యం చెప్తుంది. వైఫై మీద ఫోన్లో వస్తూ కంప్యూటర్లో రాకపోతే, తప్పు కంప్యూటర్‌ది. రెండిట్లోనూ రాకపోతే, డబ్బా దగ్గరికో వీధిలోకో పోవాలి. ఒక్క ప్రశ్నతో సగం గొలుసు పక్కకి పోయింది.

రెండో ప్రశ్న దీపాల గురించి. ఫైబర్ డబ్బా మీద నాలుగైదు దీపాలుంటాయి. వాటి కింద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలుంటాయి గానీ, డెబ్భైకి దగ్గరపడ్డ కళ్ళు వాటిని చదవలేవు. చదవక్కర్లేదు కూడా. ఎర్రది వెలిగిందా లేదా అన్నదే ముఖ్యం. ఎల్.ఓ.ఎస్. అనే ఆ దీపం వెలిగిందంటే తీగలోంచి వెలుతురు రావట్లేదని అర్థం. ఫైబర్ అంటే కరెంటు కాదు, వెలుతురు. జుట్టంత సన్నటి గాజుపోగులో ప్రయాణం చేసే వెలుతురు. తీగ తెగినా, మరీ మడత పడినా అది కారిపోతుంది. కంటికి తీగ ఎక్కడా తెగినట్టు కనపడదు. మా ఇంట్లో ఒకసారి మంచం జరిపినప్పుడు తీగ కోడు కింద పడింది. నొక్కుకుపోయిన ఆ రెండంగుళాల వల్ల రెండ్రోజులు నెట్ లేదు. ఎర్ర దీపం ఉంటే డబ్బాని వందసార్లు ఆపి పెట్టినా ఉపయోగం లేదు, మంచం జరపాలి, లేదా కేబుల్ ఆయన్ని పిలవాలి. అయినా కంపెనీకి ఫోన్ చేస్తే మొదటి మాట "ఒకసారి రీస్టార్ట్ చేయండి మేడం" అనే. ఆ అబ్బాయి తప్పేం లేదు, అతని ముందున్న స్క్రీన్ అదే చదవమంటుంది. "ఎర్రది వెలుగుతోంది బాబూ" అని అమ్మ చెప్పిన మాట వినడానికి మాత్రం ఆ స్క్రీన్లో గడి లేదు.

రీస్టార్ట్‌ని నేను వెక్కిరించట్లేదు. చాలాసార్లు పనిచేస్తుంది, దానికి కారణమూ ఉంది. ఆ డబ్బా కూడా ఒక చిన్న కంప్యూటరే. నెలల తరబడి ఆగకుండా నడిచి, ఎవరికి ఏ నంబరిచ్చిందో, ఏ కబురు ఎవరికి చేరవెయ్యాలో అన్న పట్టికలతో దాని కొద్దిపాటి జ్ఞాపకం నిండిపోతుంది. ఆపితే అదంతా తుడుచుకుపోతుంది. అందుకే ప్లగ్ పీకి ఒక అర నిమిషం ఆగమంటారు. వెంటనే పెట్టేస్తే లోపల నిలవున్న కాస్త కరెంటుతో పాత జ్ఞాపకం ఉండిపోవచ్చు. అమ్మకి ఈ అర నిమిషం నచ్చలేదు మొదట్లో. "కాఫీ కలుపుకుని వచ్చి పెట్టు" అన్నాను, అప్పట్నుంచీ సరిపోయింది.

‘వచ్చి పోతుంది’ కథ వేరు. దానికి ముద్దాయి మా ఇంట్లో బీరువా. డబ్బా బయటికి కనపడితే బాగోదని నాన్న దాన్ని ఇనప బీరువా వెనక గోడకి కొట్టించారు. వైఫై రేడియో తరంగం. ఇనుము దానికి గోడ కంటే పెద్ద గోడ. తెలుగిళ్ళలో వైఫై సమస్యల మీద ఎవరైనా పరిశోధన చేస్తే, బీరువాకి ఒక అధ్యాయం ఇవ్వాలి. రెండో అధ్యాయం టీవీ స్టాండు లోపలి అర. ఈ డబ్బాలు చాలావరకు రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది నెమ్మది గానీ గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం గానీ గోడ అడ్డొస్తే డీలాపడుతుంది. ఒకే పేరు రెండుసార్లు, ఒకదాని వెనక 5 అని కనిపిస్తే అది ఇదే. డబ్బా ఉన్న గదిలోనే కూర్చునేవాళ్ళు 5 ఎంచుకోవాలి, వంటింట్లోంచి మాట్లాడేవాళ్ళు రెండోది. కాకపోతే వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తుంటే 2.4 తడబడుతుంది, ఎందుకంటే అదీ ఆ పక్క తరంగాల్లోనే పనిచేస్తుంది. డాలస్‌లో ఉన్న మా అక్కతో మాట్లాడుతుంటే "బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది" అని అమ్మ అన్నప్పుడల్లా ఏం వేడి చేస్తున్నావని అడిగేవాణ్ణి. డబ్బాని బీరువా పక్కనుంచి హాల్లో గడియారం కింద పెట్టించాక ఆ గొడవ పోయింది. వేగం ప్లాన్ ఏమీ మార్చలేదు. ఆ ప్లాన్ గురించి ఒక మాట: 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 మెగాబిట్లు. ఫైలు సైజులు మెగాబైట్లలో ఉంటాయి. ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. కంపెనీ మోసం చేస్తోందని కొట్లాటకి దిగేముందు ఈ భాగహారం చేసుకోవడం మంచిది.

మూడో రకం ఒకటుంది, అమ్మ మూడు స్థితుల్లో ఇమడనిది. అన్ని దీపాలూ పచ్చగా ఉంటాయి, వాట్సాప్ వస్తుంటుంది, సైట్లు మాత్రం తెరుచుకోవు. దీనికి అమ్మ పెట్టిన పేరు "ఉంది గానీ కదలట్లేదు". ఇది తరచు పేర్ల గొడవ. నెట్లో ప్రతి సైటుకీ అంకెల చిరునామా ఉంటుంది, మనం వాడేది పేరు. మా గంగానమ్మపేటలో ఇంటినంబరు చెప్తే ఎవరూ ఇల్లు చూపించలేరు, "తెలుగు మాస్టారి ఇల్లు" అంటే కిరాణా కొట్టాయన చెయ్యెత్తి చూపిస్తాడు. నెట్లో ఆ కొట్టాయన పేరు డీఎన్ఎస్. కొట్టు కట్టేస్తే ఇల్లు ఎక్కడికీ పోదు, దారి చెప్పేవాడుండడు. నల్ల కిటికీ తెరిచి పింగ్ అని కొట్టి 8.8.8.8 అని అడిగితే జవాబొచ్చి, సైటు పేరుతో అడిగితే రాకపోతే, కొట్టు కట్టేసినట్టే. అప్పుడు వేరే కొట్టుని అడగమని సెట్టింగుల్లో రాసుకోవచ్చు.

ఇంత ఫోన్ ప్రహసనం ఎందుకు, అమ్మ స్క్రీన్‌ని నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని రెండు నిమిషాల్లో సరిచెయ్యొచ్చుగా అని ఆఫీసులో అడుగుతుంటారు. చెయ్యొచ్చు. చెయ్యను. ఎందుకంటే అమ్మ ఒంటరిగా ఉంటుంది, కుటుంబ పెన్షన్ వస్తుంది, ఫోన్లో గౌరవంగా మాట్లాడిన ప్రతివాడికీ గౌరవంగా జవాబిస్తుంది. "ఈ యాప్ వేసుకోండమ్మా, మేం ఇక్కణ్ణుంచే సరిచేస్తాం" అనేది మోసగాళ్ళు వాడే మొదటి వాక్యం. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు పెట్టి మరీ బ్యాంకుల్ని హెచ్చరించింది. యాప్‌లో తప్పు లేదు, మేమూ ఆఫీసులో అలాంటివే వాడతాం. కానీ కొడుకు అడిగితే స్క్రీన్ ఇవ్వడం అలవాటైన చెయ్యి, కొడుకులా మాట్లాడినవాడికీ ఇస్తుంది. కాబట్టి మా ఇంట్లో రూలు: స్క్రీన్ ఎవరికీ ఇవ్వకూడదు, నాక్కూడా. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కూడదు, బిల్లు మీదున్నదే. డబ్బు పోయినట్టు అనుమానమొస్తే నాకు చేసేముందు 1930కి చెయ్యాలి. ఆ నాలుగంకెలూ నాన్న పాత క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్నుతో రాసి, ఫ్రిజ్‌కి అంటించి ఉన్నాయి.

ఈ రూలు వల్ల మాకు మిగిలింది భాష ఒక్కటే. ఆవిడ చూసింది చెప్తుంది, నేను విని మనసులో బొమ్మ కట్టుకుంటాను. అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను కదా, సమీక్ష రాసేటప్పుడు పనికొచ్చేదీ ఇక్కడ పనికొచ్చేదీ ఒకటే అనిపిస్తుంది. కథలో ఎవరి మాట నమ్మాలి, ఎవరి మాట పక్కన పెట్టాలి అన్నది. కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకునేది నమ్మదగ్గది కాదు. "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అంటుంది. అది మాకూ తెలుసు. ఒకసారి మూలనుంచి చిన్న కాయితం లేచి మీ సిస్టంలో అయిదు వైరస్‌లున్నాయని అరిచింది. అమ్మ నాతో అన్నది మాత్రం, "వంటల సైటు చూసి మూసేసినా మూలనుంచి మాటిమాటికీ పిలుస్తోంది" అని. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. మూసేసినా పిలుస్తోందంటే అది వైరస్ కాదు, బ్రౌజర్‌లో ఏదో సైటుకి నోటిఫికేషన్ల అనుమతి పోయింది. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ సైటు పేరు తీసేస్తే నోరు మూసుకుంది. ఆ కాయితం మీద నొక్కి ఉంటే వాడెవడో డబ్బడిగేవాడు.

తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టొచ్చు కదా అంటారా? పెట్టి చూశాం. అమ్మ తెలుగు చక్కగా చదువుతుంది, వారపత్రిక మొదటి అట్టనుంచి చివరి అట్టదాకా చదివే మనిషి. అయినా నెల తిరక్కుండా ఇంగ్లీషుకి మార్చెయ్యమంది. తెలుగులో రాసిన ముక్క తనకి అర్థమవుతోంది, కానీ పక్కింటబ్బాయికి అర్థం కావట్లేదు. కేబుల్ ఆయనకి కావట్లేదు. నిజం చెప్పాలంటే నాకూ కావట్లేదు, ఏ మెనూకి ఏం పేరు పెట్టారో ఊహించుకోలేక. సాయం చేసేవాళ్ళ భాషలో ఉంటేనే సాయం దొరుకుతుంది. అనువాదం బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

అమ్మ మాట నన్ను అన్నిటికంటే చక్కగా నడిపించిన కేసు ఒకటుంది. నాన్న 2023లో పోయారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ కంప్యూటర్‌ని ఎవరూ పెట్టలేదు. అమ్మ గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేసి, పైన పాత చీర కప్పింది. అక్క పోరగా పోరగా మళ్ళీ పెట్టింది. పెట్టిన రోజు సాయంత్రం ఫోన్: "బ్యాంకు సైటు తెరవనివ్వట్లేదురా. దొంగలున్నారు జాగ్రత్త అంటోంది. వార్తలదీ అంతే అంది, గూగులూ అంతే అంది." కనెక్షన్ ప్రైవేటు కాదు, ఎవరో మీ సమాచారం దొంగిలించే ప్రయత్నంలో ఉండొచ్చు అని బ్రౌజర్ వేసే ఎర్ర త్రికోణం అది. ఒక్క సైటుకే వస్తే భయపడాల్సిందే. అన్నిటికీ వస్తోందంటే దొంగ బయట లేడు. "కింద మూలన తేదీ ఎంతుందో చదువు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "జనవరి ఒకటి, 2013" అంది.

సురక్షితమైన ప్రతి సైటుకీ ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికి మందు సీసాకి ఉన్నట్టు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. 2013లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి ఈనాటి ధ్రువపత్రాలన్నీ ఇంకా పుట్టనివి. అందుకని అన్నిటినీ దొంగలంటుంది. తేదీ ఎందుకు పోయిందంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032. గోడనుంచి కరెంటు అందనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాతబడ్డ బ్యాటరీ, దానికి తోడు ఎనిమిది నెలలు స్విచ్ ఆపేసి ఉంది, అయిపోయింది. గడియారం తన మొదటి రోజుకి పోయింది. తేడా గంటల్లో ఉంటే విండోస్ నెట్‌ని అడిగి సరిచేసుకునేదేమో, అన్నేళ్ళ తేడాని అది నమ్మదు. చేత్తో మార్చినా, రాత్రి స్విచ్ ఆపితే పొద్దున మళ్ళీ 2013. వారం రోజులు అమ్మ రోజూ పొద్దున్నే తేదీ మార్చుకుని పని మొదలుపెట్టింది. దసరాకి నేను వెళ్ళేటప్పుడు వాచీల కొట్లో బ్యాటరీ కొనుక్కెళ్ళి వేశాను. నాన్న దాన్ని కొన్న ఏడాది అది. ఆ సంగతి నేనూ ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు.

పెద్ద డబ్బా ఎలాగూ విప్పాం కాబట్టి మిగతా పనులూ అయ్యాయి. వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్లగ్ పీకి, మెత్తటి పెయింటు బ్రష్‌తో దుమ్ము దులిపాం. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని దులపాలి, గిర్రున తిరగనివ్వకూడదు. లోపల మూలన రెండు బల్లి గుడ్లు. ర్యామ్ కడ్డీ తీసి దాని అంచుని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాం, ఆన్ చేసినప్పుడల్లా మూడుసార్లు కూస్తోందని అమ్మ అన్నది దాంతో ఆగింది. కంప్యూటర్‌తో పాటే లేచి కూర్చునే ప్రోగ్రాములు పద్నాలుగుంటే పదకొండు ఆపేశాను. అప్పుడే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి, దాని గుర్తు తెర మీద పెట్టి, "ఇక్కడ నీలం ఉండాలి. పసుపు పచ్చ అయితే ఆ రోజే నాకు చెప్పు" అన్నాను.

పసుపు పచ్చ అయ్యింది నిరుడు జులైలో. రంగు కంటే ముందు అమ్మ చెవికే తెలిసింది. "లోపల ఏదో నములుతోందిరా. ఫైలు తెరవమంటే నమిలి నమిలి, చాలాసేపటికి తెరుస్తోంది" అంది. ఇక్కడ రెండు శబ్దాల మధ్య తేడా చెప్పాలి. పాత తరహా హార్డ్ డిస్క్‌లో పళ్ళాలు తిరుగుతుంటాయి, వాటి మీద ఒక సన్నటి చెయ్యి చదువుతుంటుంది. టక్, టక్, టక్ అని గడియారంలా ఒకే తీరున కొట్టుకుంటుంటే ఆ చెయ్యే పోతోందని అర్థం. అప్పుడు ఏమీ ఆలోచించకుండా కరెంటు ఆపెయ్యాలి, ఇక ముట్టుకోకూడదు. నమలడం అంటే చదవలేని చోట మళ్ళీ మళ్ళీ చదవబోతోందని. దానికి ఇంకా కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో చెయ్యాల్సింది కాపీ ఒక్కటే. డిస్క్ చెకింగ్ పెట్టకూడదు, డీఫ్రాగ్ అసలు పెట్టకూడదు, అవి ఉన్న ఓపికంతా తినేస్తాయి.

ఆ డిస్క్‌లో ఉన్నవి నాన్న నోట్సు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆయన చదివిన ప్రతి పుస్తకం మీదా ఒకటో రెండో పేజీలు టైపు చేసుకునేవారు. ఎవరికీ పంపలేదు. "అచ్చుకి కాదురా, మర్చిపోకుండా" అనేవారు. పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుదాం అంటే, "ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుంది" అనేవారు. 212 ఫైళ్ళు.

డ్రాయరులో నాన్న పెన్ డ్రైవ్ ఉంది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం. అమ్మ ఫోల్డర్ పట్టుకుని పెన్ డ్రైవ్ మీద వదిలింది. నలభై ఫైళ్ళు గడగడా పోయాయి. ఆ తర్వాత ఆగింది. "ఇది చదవలేకపోతున్నానంటోంది. మళ్ళీ ప్రయత్నించనా, దాటెయ్యనా, మానెయ్యనా అని అడుగుతోంది." ఇంగ్లీషులో ఉన్న ఆ మూడు మీటల్నీ అమ్మ నాకు తెలుగులో చదివి వినిపించింది. మళ్ళీ ప్రయత్నించడం ప్రతిసారీ డిస్క్‌ని ఇంకాస్త అరగదీస్తుంది, వెనక ఇంకా నూట డెబ్భై ఉన్నాయి. "ఒక్కసారి మళ్ళీ నొక్కు. రాకపోతే దాటెయ్" అన్నాను.

"దాటేస్తే పోతుందా?"

"పోదు, అక్కడే ఉంటుంది. తర్వాత చూద్దాం."

"నోట్స్ 47 అని ఉంది. ఏ పుస్తకమో."

"తెలీదమ్మా."

ఇలా పదకొండుసార్లు ఆగింది. ప్రతిసారీ అమ్మ నంబరు చదివింది, ఒకసారి మళ్ళీ నొక్కింది, దాటేసింది. 138 దగ్గర మాత్రం మూడుసార్లు నొక్కింది. నాకు మీట చప్పుడు వినపడుతూనే ఉంది, ఏమీ అనలేదు. పదకొండున్నరకి అయిపోయింది. "ఇప్పుడు ఆపేసి, ప్లగ్ పీకేసి, పడుకో" అన్నాను. పెన్ డ్రైవ్ ఎక్కడ పెట్టావని పొద్దున అడిగితే పూజ గదిలో అంది.

ఆ శనివారం వెళ్ళి డిస్క్ విప్పి హైదరాబాద్ తెచ్చుకున్నాను. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఒకటుంది. దాని తెలివి ఏంటంటే, ముందు సాఫీగా చదవగలిగిన చోట్లన్నీ తీసి భద్రం చేసుకుని, మొండికేసిన చోట్లకి చివర్న తిరిగొస్తుంది. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ముందు రాసెయ్యమని నాన్న క్లాసులో చెప్పేవారు, అదే పద్ధతి. ఒక రాత్రీ ఒక పగలూ నడిచింది. పదకొండులో ఏడు వచ్చాయి. 47 వచ్చింది. 138 రాలేదు. శుభ్రమైన గదుల్లో డిస్క్ విప్పి తీసే కంపెనీలున్నాయి, వాళ్ళ ఖర్చు నాలుగు ఫైళ్ళకి పెట్టేది కాదు. అమ్మని అడిగాను. "డిస్క్ మాత్రం పారెయ్యకు" అంది. నా బీరువాలో ఉంది.

ఆ కంప్యూటర్లో ఇప్పుడు పాత డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉంది. పాత మిషన్‌కి చెయ్యగలిగిన మేళ్ళలో దీన్ని మించింది లేదు, తిరిగే భాగాలుండవు కాబట్టి నమలదు. రెండు నిమిషాలు పట్టేది ఇరవై సెకన్లలో లేస్తోంది. అయితే 2013 ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. రక్షణ అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా తెచ్చుకునే వీలుంటే, అందులో పేరు నమోదు చేశాను. ఆ తర్వాత లినక్స్ పెట్టాలా, కొత్తది కొనాలా అన్నది అక్కకీ నాకూ ఇంకా తేలలేదు. అమ్మకి ఆ డబ్బానే కావాలి.

ఇక ఫైళ్ళు. నాన్న టైపు చేసింది వర్డ్‌లో, అను ఫాంట్లలో, డీటీపీ వాళ్ళ దగ్గర నేర్చుకున్న యాపిల్ కీబోర్డు మీద. మీలో ప్రెస్సుల్లో పనిచేసినవాళ్ళుంటే వెంటనే అర్థమవుతుంది. ఆ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరం ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఫాంటు ఉంటే తెలుగు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తలల మీద టోపీలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాలు బారులు తీరి ఉంటాయి. నా ల్యాప్‌టాప్‌లో మొదటి ఫైలు తెరిచినప్పుడు అవే. డిస్క్ బతికినా భాష పోయే దారి ఇంకోటుందన్నమాట. ఫైలు కాపీతో పాటు ఫాంట్ల కాపీ కూడా తీసుకోవాలని ఇంట్లో పాత తెలుగు ఫైళ్ళున్న వాళ్ళందరికీ చెప్తున్నాను. ఆ తర్వాత వీలు చూసుకుని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

మార్చే ప్రోగ్రాములున్నాయి, నూటికి తొంభై పాళ్ళు బానే చేస్తాయి. చిక్కంతా వత్తుల దగ్గర. పాత ఫాంట్లలో గుడీ వత్తూ కంటికి కనపడే వరసలో నిలవ ఉంటాయి. యూనికోడ్ నోటితో పలికే వరస అడుగుతుంది. ఆ మార్పిడిలో ఒక్కోసారి వత్తు ఒక అక్షరం ముందుకి దూకుతుంది, సున్నా మాయమవుతుంది. అందుకని ఒక్కో ఫైలూ రెండు కిటికీల్లో పెట్టుకుని చదువుతున్నాను. ఎడమ పక్క అను ఫాంటులో నాన్న టైపు చేసినట్టే, కుడి పక్క మార్చినది. వాక్యం వాక్యం పోల్చి దిద్దుకోవడం. నాన్న అభిప్రాయాల్లో సగం నాకు ఒప్పుదల కావు. నేను మెచ్చుకుని రాసిన ఒక నవల మీద ఆయన నోట్సు నాలుగే లైన్లుంది, నాలుగో లైను చాలా కటువుగా ఉంది. దిద్దేటప్పుడు ఎక్కడైనా పదం అనుమానంగా ఉంటే అమ్మకి ఫోన్ చేసి చదువుతాను. "ఆయన అలా అనరు, ‘తేలిపోయింది’ అని ఉంటుంది చూడు" అంటుంది. చూస్తే అదే ఉంటుంది.

మొత్తం 208. ఆదివారానికి మూడో నాలుగో అవుతున్నాయి. నిన్నటికి 61 అయ్యాయి.